రంగును నమ్మకండి, ముళ్లు లెక్కపెట్టండి: గాలానికి చిక్కిన సిక్లిడ్ ఏ జాతిదో తేల్చుకోవడం ఎలా

బకెట్టులో వేసినప్పుడు వెండి బిళ్లలా మెరిసిన చేప, పది నిమిషాలకు చూస్తే ఒంటినిండా నల్లటి నిలువు పట్టీలతో ఉంది. దాని పక్కనున్న చేపకేమో పట్టీలు చెరిగిపోయి, నడుము మీద మూడు మచ్చలు మాత్రం మిగిలాయి. రెండూ ఒకే ఎరకు, ఒకే చోట, అరగంట తేడాతో పడ్డవే. రెండు జాతులు దొరికాయని సంబరపడ్డాను. తీరా చూస్తే రెండూ ఒకటే. ఆ ముక్క తేలడానికి సాయంత్రమంతా పట్టింది. తప్పు చేపలది కాదు, రంగు తప్ప మరేదీ చూడని నాది.

సిక్లిడ్‌లు రంగు మార్చడంలో ఆరితేరిన చేపలు. భయపడితే ఒక వేషం, గూడు కాపలా కాస్తుంటే మరొకటి, సాటి మగచేప చేతిలో ఓడిపోతే ఇంకొకటి. చర్మంలోని రంగు కణాలు నాడుల అదుపులో ఉంటాయి కాబట్టి ఈ మార్పుకు నిమిషాలు చాలు. పైగా ఈ కుటుంబంలో శాస్త్రవేత్తలు పేరు పెట్టిన జాతులే 1,700 దాకా ఉన్నాయి. అదృష్టం ఏమిటంటే, గాలానికి తరచుగా పడేవి వాటిలో పిడికెడే: తిలాపియాలు, క్రోమైడ్‌లు, ఆస్కార్, మాయన్, మైడస్, పీకాక్ బాస్. వీటిలో ఒకదాన్ని చూసి మరొకటని పొరబడే చోట్ల గురించే ఈ వ్యాసం.

## ఏ గుర్తు ఎంత నమ్మదగినది

గుర్తులన్నింటికీ ఒకే విలువ ఇవ్వడం వల్లనే సగం తప్పులు జరుగుతాయి. నేను వాటిని ఈ వరుసలో నమ్ముతాను:

| గుర్తు | ఎంత నమ్మవచ్చు | ఇబ్బంది |
|---|---|---|
| అడుగు రెక్కలో ముళ్ల సంఖ్య | చాలా ఎక్కువ | గుంపును తేలుస్తుంది, జాతిని కాదు |
| మొప్ప లోపల దువ్వెన పళ్లలా ఉండే వరుసలో పళ్ల సంఖ్య | చాలా ఎక్కువ | బతికున్న చేపలో లెక్కపెట్టకూడదు |
| తోక రెక్క మీద చారలు | ఎక్కువ | రెక్క పూర్తిగా విప్పి చూడాలి. పిల్ల చేపల్లో స్పష్టంగా ఉండకపోవచ్చు |
| శాశ్వతమైన మచ్చలు, కన్ను ఆకారపు మచ్చలు | ఫర్వాలేదు | వయసుతో వచ్చేవీ పోయేవీ ఉన్నాయి |
| తల, మూతి ఆకారం | ఫర్వాలేదు | ఎదిగిన మగచేపల్లోనే తేడా తెలుస్తుంది |
| దొరికిన చోటు | తక్కువ | మనుషులు అక్వేరియం చేపలను ఎక్కడంటే అక్కడ వదిలేస్తారు |
| ఒంటి రంగు | చాలా తక్కువ | పైన చెప్పిన నా బకెట్టే సాక్ష్యం |

అడుగు రెక్క అంటే మలద్వారం వెనుక, తోకకు ముందు ఉండే ఒంటరి రెక్క. పొట్ట కింద జంటగా ఉండేవి వేరు, వాటితో పని లేదు. లెక్కపెట్టే ముందు చేతులు తడుపుకోవాలి. చేపను తల వైపు నుంచి తోక వైపుకు నిమురుతూ పట్టుకుంటే వీపు ముళ్లు అణిగిపోతాయి. ఆ తర్వాత అడుగు రెక్క మొదటి ముల్లును వేలికొసతో ముందుకు లాగితే రెక్క విసనకర్రలా విచ్చుకుంటుంది. ముల్లు గట్టిగా, సూదిలా ఒంటరిగా ఉంటుంది. దాని వెనుక వచ్చే మెత్తటి ఈనెలు వంగుతాయి, కొసన చీలి ఉంటాయి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఈ తేడా చక్కగా కనిపిస్తుంది. మొదటి ముల్లు చాలా పొట్టిది, పొలుసుల్లో దాక్కుంటుంది. మూడింటిని రెండని లెక్కపెట్టేది అక్కడే.

## ముందు ఇది సిక్లిడేనా?

ఈ ప్రశ్నకు జవాబు ముక్కు దగ్గర ఉంది. చాలా చేపలకు మూతికి ఒక్కో పక్కన రెండేసి ముక్కు రంధ్రాలుంటాయి. సిక్లిడ్‌లకు ఒక్కొక్కటే. సముద్రంలో డామ్సెల్ చేపలకూ ఇదే లక్షణం ఉంది కానీ, మంచినీటిలో గాలం వేసేవారికి అవి అడ్డు రావు.

రెండో గుర్తు పార్శ్వ రేఖ. మొప్ప మూత నుంచి తోక దాకా పొలుసుల మీద చుక్కల గీతలా సాగే రేఖ ఇది. సిక్లిడ్‌లలో సాధారణంగా ఒక ముక్క వీపుకు దగ్గరగా సాగి ఆగిపోతుంది, రెండో ముక్క కాస్త కిందికి దిగి మళ్లీ మొదలై తోక దాకా వెళ్తుంది. అడుగు తప్పిన మెట్టులా ఉంటుంది.

దీని అవసరం ఎక్కువగా వచ్చేది ఉత్తర అమెరికాకు చెందిన బ్లూగిల్ దగ్గర. దాన్ని చాలా దేశాల నీళ్లలోకి తెచ్చి వదిలారు. పళ్లెం లాంటి ఒళ్లు, నిలువు పట్టీలు, అడుగు రెక్కలో మూడు ముళ్లు, వీపు రెక్క మెత్తటి భాగంలో ఒక నల్ల మచ్చ. చిన్న తిలాపియాకూ అచ్చం ఇవే ఉంటాయి. అయితే బ్లూగిల్ మచ్చ వీపు రెక్క చిట్టచివర ఉంటుంది. తిలాపియా మచ్చ ముళ్ల భాగం ముగిసి మెత్తటి భాగం మొదలయ్యే చోట ఉంటుంది. అనుమానం మిగిలితే ముక్కు చూడండి. రెండేసి రంధ్రాలు ఉండి, పార్శ్వ రేఖ తెగకుండా సాగితే అది సిక్లిడ్ కాదు.

## మూడా, ఆరా, పన్నెండా?

| అడుగు రెక్కలో ముళ్లు | ఏ గుంపు కావచ్చు |
|---|---|
| 3 | తిలాపియాలు, ఆస్కార్, పీకాక్ బాస్ |
| 4 | బ్లాక్ అకారా |
| 5 నుంచి 8 | మధ్య అమెరికా సిక్లిడ్‌లు: మాయన్, మైడస్, జాగ్వార్, రియో గ్రాండే |
| 12, ఆ పైన | దక్షిణాసియా క్రోమైడ్‌లు |

ఈ పట్టికను గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ఎంత రంగు మార్చినా చేప తన ముళ్ల లెక్క మార్చుకోలేదు. మాయన్‌ను తిలాపియా అనుకుని ఇంటికి తీసుకెళ్లినవారిని చూశాను. ఆరు ముళ్లు వేలికి గుచ్చుకుంటున్నా లెక్కపెట్టాలని తోచలేదు వాళ్లకు.

## తిలాపియాలు: అసలు తలనొప్పి ఇక్కడే

మూడు ముళ్లు తేలాయి, చేప తిలాపియాలా ఉంది. ఇక జాతి కోసం తొందరపడకుండా ముందు ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును తేల్చుకోవాలి. ఓరియోక్రోమిస్ గుంపులో తల్లి గుడ్లను, పిల్లలను నోట్లో పెట్టుకుని పెంచుతుంది. కాప్టోడాన్ గుంపు నేల మీద గుడ్లు పెట్టి, తల్లీతండ్రీ కలిసి కాపలా కాస్తాయి.

ఈ తేడాను ఒకసారి చేతిలోనే చూశాను. అరచెయ్యి పొడవున్న చేప, గాలం పెదవి అంచుకు తగులుకుంది. గాలం తీస్తుండగా చేప నోరు తెరిచింది. బియ్యపు గింజంత పిల్లలు ఇరవై ముప్పై దాకా, కళ్లు తప్ప మరేమీ కనిపించనంత పారదర్శకంగా, నా వేళ్ల మీదుగా నీళ్లలోకి జారిపోయాయి. తల్లిని వెంటనే అక్కడే వదిలేశాను. ఆ పిల్లలు కాప్టోడాన్‌ను అక్కడికక్కడే కొట్టిపారేశాయి. నోట్లో పిల్లలున్నంత మాత్రాన అది తల్లే అనుకోవద్దన్నది ఇంకో సంగతి. సారోథెరోడాన్ మెలనోథెరాన్ అనే నల్లగడ్డం తిలాపియాలో ఆ బాధ్యత తండ్రిది.

పిల్లలు లేనప్పుడు వీపు రెక్క మచ్చ సాయపడుతుంది. కాప్టోడాన్ జిల్లీ, కాప్టోడాన్ రెండల్లీ ఎదిగాక కూడా ఆ నల్ల మచ్చను ఉంచుకుంటాయి. ఓరియోక్రోమిస్ పిల్లల్లో అది ఉంటుంది, పెద్దయ్యేకొద్దీ చెరిగిపోతుంది. అంటే అర అడుగు చేపకు మచ్చ స్పష్టంగా ఉంటే కాప్టోడాన్ వైపు మొగ్గవచ్చు. వేలెడంత చేపకు మచ్చ ఉంటే ఏమీ చెప్పలేం. ఛాతీ, పొట్ట ఎర్రబారి ఉంటే కాప్టోడాన్ మీద నమ్మకం పెరుగుతుంది. ఆ రెండింటిలో ఏది అన్నదానికి తోక చూడాలి. పై సగం ఒక తీరుగా, కింది సగం ఎరుపో పసుపో పులుముకుని రెండు రంగుల తోక కనిపిస్తే రెండల్లీ.

ఇక ఓరియోక్రోమిస్ ముగ్గురు అన్నదమ్ముల దగ్గరికి వద్దాం. ప్రపంచమంతటా గాలాలకు పడే తిలాపియాల్లో ఎక్కువ భాగం ఇవో, వీటి సంకరాలో.

| | నైల్ తిలాపియా | మొసాంబిక్ తిలాపియా | బ్లూ తిలాపియా |
|---|---|---|---|
| తోక రెక్క | మొదలు నుంచి అంచు దాకా వరుసగా సన్నని నిలువు చారలు | చారల వరుస ఉండదు | చారల వరుస ఉండదు; అంచు గులాబీ లేదా ఎరుపు |
| గూడు కట్టే మగచేప | ఒళ్లు, రెక్కలు ఎరుపు పులుముకుంటాయి | ఒళ్లంతా నలుపు, గొంతు తెలుపు, వీపు, తోక రెక్కల అంచు ఎరుపు | తల మీద లోహపు నీలం మెరుపు |
| మూతి | మామూలుగా | ఎదిగిన మగచేపకు పెద్ద నోరు, నుదురు లోపలికి నొక్కినట్టు | మామూలుగా |
| వీపు ముళ్లు | ఎక్కువగా 16 నుంచి 18 | 15 నుంచి 17 | 15 లేదా 16 |
| మొదటి మొప్ప కమాను కింది భాగంలో దువ్వెన పళ్లు | 18 నుంచి 28 | 14 నుంచి 20 | 18 నుంచి 26 |

ఈ పట్టికలో నేను మొదట చూసేది తోక. కాకపోతే ఒక షరతు ఉంది. నీళ్లలోంచి తీసిన చేప తోక తడి గుడ్డలా ముడుచుకుంటుంది. ముడతల మధ్య చారలు దాక్కుంటాయి, లేదా ముడతలే చారల్లా కనిపిస్తాయి. ఒకసారి చారలు లేవని చూసి మొసాంబిక్ అని ఘనంగా ప్రకటించాను. పక్కనున్న పెద్దాయన ఏమీ మాట్లాడకుండా ఆ తోకను రెండు వేళ్లతో విప్పి పట్టుకున్నాడు. దువ్వెనతో గీసినట్టు ఎనిమిది తొమ్మిది చారలు, కొస దాకా. నైల్ తిలాపియా. అప్పటి నుంచి తోక విప్పనిదే నోరు విప్పను.

మొసాంబిక్ మగచేప గూడు కాపలాలో ఉన్నప్పుడు పడితే అనుమానమే ఉండదు. బొగ్గులా నల్లటి ఒళ్లు, తెల్లటి గడ్డం. కానీ అదే చేప ఓడిపోయి గూడు వదిలేస్తే బూడిద రంగుకు మారి, నడుము మీద రెండు మూడు మచ్చలతో ఆడచేపలా కనిపిస్తుంది. మొదట్లో చెప్పిన నా బకెట్టు కథ ఇదే.

బ్లూ, మొసాంబిక్‌ల మధ్య తేల్చాల్సి వస్తే నీరు కూడా కొంత చెబుతుంది. మూడింటిలో చలికి ఎక్కువ తట్టుకునేది బ్లూ. మొసాంబిక్ ఉప్పునీటికి జంకదు, సముద్రపు నీటిలోనూ గుడ్లు పెట్టగలదు. 1930ల చివర్లో అది తన ఆఫ్రికా నదులకు వేల మైళ్ల దూరంలో, జావా తీరంలో దొరికింది. దాన్ని పెంచిన వ్యక్తి పేరు మీదనే ఇండోనేషియాలో ఇప్పటికీ ఆ చేపను ముజాయిర్ అంటారు. అక్కడి నుంచి ఆసియా అంతటా పాకి, 1952లో భారతదేశానికీ వచ్చింది. అంటే నీటిని బట్టి ఊహించవచ్చు గానీ, తీర్పు చెప్పేది ఎప్పుడూ తోక, మొప్ప, నోరు.

మొప్ప పళ్ల గురించి ఒక హెచ్చరిక. మొప్ప మూత ఎత్తి చూస్తే ఎర్రటి పీచు ఉన్న కమానులు కనిపిస్తాయి. వాటికి లోపలి వైపున దువ్వెన పళ్ల లాంటి వరుస ఉంటుంది. కాప్టోడాన్‌లో ఆ పళ్లు కింది భాగంలో 8 నుంచి 12 దాకానే ఉంటాయి కాబట్టి గుంపును తేల్చడానికి ఇంతకు మించిన పరీక్ష లేదు. కానీ వదిలేయాలనుకున్న చేప మొప్పలో వేలు పెట్టకండి. ఆ పీచు నలిగితే చేప ఈదుకుంటూ వెళ్లినా ఎక్కువ కాలం బతకదు. తినడానికి ఉంచుకున్న చేపలోనే ఈ లెక్క చేయాలి.

## పేరు లేని చేపలు

తిలాపియా దగ్గర ఎంత జాగ్రత్తగా చూసినా కొన్ని తేలవు. కారణం మన చూపు కాదు. ఓరియోక్రోమిస్ జాతులు ఒకదానితో ఒకటి సులువుగా జతకడతాయి, పుట్టిన పిల్లలు మళ్లీ పిల్లల్ని కంటాయి. నైల్ తిలాపియాను తెచ్చి వదిలిన దక్షిణాఫ్రికా నదుల్లో మొసాంబిక్‌తో కలిసిపోయి, మొసాంబిక్ తన పుట్టింట్లోనే స్వచ్ఛంగా మిగలడం కష్టమైంది. చెరువుల్లో పెంచే ఎర్ర తిలాపియా అసలు జాతే కాదు. ఎర్రటి రంగు మార్పు వచ్చిన మొసాంబిక్ ఆడచేపలను నైల్ మగచేపలతో కలిపి 1960ల చివర్లో తైవాన్‌లో మొదలుపెట్టిన సంకరం అది. గిఫ్ట్ తిలాపియా మాత్రం వేరే సంగతి. 1988లో ఫిలిప్పీన్స్‌లో మొదలైన ఆ కార్యక్రమంలో ఎంపిక చేసుకుంటూ పెంచినవి నైల్ తిలాపియాలే, కాబట్టి దాన్ని నైల్ అనే రాసుకోవచ్చు.

చారలు సగం తోకలో ఆగిపోయి, అంచు ఎర్రగా ఉండి, మొప్ప పళ్లు పందొమ్మిది ఉంటే నేనైతే ఓరియోక్రోమిస్ అని రాసి ఊరుకుంటాను. బలవంతంగా జాతి పేరు అంటించడం కన్నా అది నిజాయితీ గల జవాబు.

అక్వేరియం నుంచి తప్పించుకున్న ఫ్లవర్‌హార్న్‌దీ ఇదే కథ. నుదుటి మీద బుడిపె, ఒంటి మీద నల్ల మచ్చల వరుస, గులాబీ రంగు. 1990లలో మలేసియాలో మధ్య అమెరికా సిక్లిడ్‌లను కలిపి తయారుచేసిన ఈ చేపకు ఏ నదీ పుట్టిల్లు కాదు, ఏ జాతి పేరూ సరిపోదు.

## క్రోమైడ్‌లు: తేలికే

అడుగు రెక్కలో పన్నెండు, ఆ పైన ముళ్లున్నాయంటే దక్షిణ భారతం, శ్రీలంకల సొంత సిక్లిడ్‌ల దగ్గరికి వచ్చినట్టే. ఆకుపచ్చ బూడిద రంగు ఒళ్లు, నిలువు పట్టీలు, పొలుసుల మీద ముత్యాల్లాంటి చుక్కలు, ఛాతీ రెక్క మొదట్లో నల్ల మచ్చ ఉంటే ఎట్రోప్లస్ సురటెన్సిస్. మలయాళంలో కరిమీన్, 2010 నుంచి కేరళ రాష్ట్ర చేప. పసుపు నారింజ ఒళ్లు, పక్కన పెద్ద నల్ల మచ్చ ఉండి, అరచేతిలో ఒదిగిపోయేంత చిన్నదైతే ఆరెంజ్ క్రోమైడ్. కరిమీన్ పిల్లను చూసి ఆరెంజ్ క్రోమైడ్ అనుకోవడం కన్నా, పట్టీలున్న కరిమీన్‌ను తిలాపియా అనుకోవడమే ఎక్కువగా జరుగుతుంది. ముళ్లు లెక్కపెట్టినవారికి ఆ పొరపాటు జరగదు.

## ఆస్కార్, మాయన్, మైడస్

ఆస్కార్‌కూ మాయన్‌కూ తోక మొదట్లో కంటి లాంటి మచ్చ ఉంటుంది. ఆస్కార్ మచ్చ చుట్టూ నారింజ ఎరుపు వలయం, మాయన్ మచ్చ చుట్టూ నీలి వలయం. ఇది చాలకపోతే ముళ్లు: ఆస్కార్‌కు మూడు, మాయన్‌కు మామూలుగా ఆరు. ఆస్కార్ వీపు రెక్క, అడుగు రెక్కల మొదళ్ల మీద పొలుసులు మందంగా పేరుకుని రెక్క ఎక్కడ మొదలైందో తెలియనివ్వవు. ఒకసారి వేలితో తడిమితే మరిచిపోలేం.

మైడస్‌కు, రెడ్ డెవిల్‌కు తేడా చెప్పమంటే మాత్రం నేను తప్పుకుంటాను. రెండూ నికరాగువా సరస్సులవే, రెండింటిలోనూ బూడిద రంగువీ బంగారు రంగువీ ఉన్నాయి. రెడ్ డెవిల్ పెదవులు లావుగా కండపట్టి ఉంటాయంటారు. కానీ ఆ లావు చేపకూ చేపకూ మారుతుంది, తొట్టిలో పెంచితే తగ్గిపోతుంది. సరస్సు బయట దొరికిన చేపను ఆంఫిలోఫస్ అని ప్రజాతి పేరుతో ఆపేయడమే మేలు.

## పీకాక్ బాస్: ఒకటే చేప, రెండు వేషాలు

పీకాక్ బాస్‌లంటే సిక్లా ప్రజాతి. అన్నింటికీ తోక మొదట్లో నెమలి కన్ను లాంటి మచ్చ ఉంటుంది, దాన్ని బట్టి ఏ జాతో చెప్పలేం. చూడాల్సింది కంటి వెనుక. మొప్ప మూత మీద నల్లటి మచ్చలు తెగి తెగి వరుసగా ఉంటే, ఎదిగిన చేప విషయంలో అది సిక్లా టెమెన్సిస్ అనడానికి మంచి ఆధారం. చెంప శుభ్రంగా ఉండి, ఒంటి మీద మూడు నిలువు పట్టీలుంటే సిక్లా ఒసెల్లారిస్, లేదా దానికి దగ్గరి సిక్లా మోనోక్యులస్. పట్టీలకు బదులు వలయం ఉన్న మూడు గుండ్రటి కన్నులుంటే సిక్లా ఒరినోసెన్సిస్.

టెమెన్సిస్ దగ్గర తమాషా ఏమిటంటే, గుడ్లు పెట్టే కాలం కానప్పుడు దాని ఒంటినిండా తెల్ల చుక్కల వరుసలుంటాయి. బ్రెజిల్ వాళ్లు ఆ వేషాన్ని పాకా అంటారు, కారణం పాకా అనే అడవి జంతువు ఒంటి మీదా అలాంటి చుక్కలే ఉండటం. గుడ్లు పెట్టే కాలం వచ్చేసరికి చుక్కలు మాయమై మూడు వెడల్పు పట్టీలు తేలతాయి, అప్పుడది అసు. చాలాకాలం ఈ రెండూ వేర్వేరు చేపలనే అనుకున్నారు. చుక్కలున్నదాన్నీ పట్టీలున్నదాన్నీ పక్కపక్కన పెట్టి రెండు జాతులు పట్టానని చెప్పే వారితో నాకు సానుభూతి ఉంది. నా బకెట్టు కన్నా వాళ్లది పెద్ద మోసం.

ఈ ప్రజాతిని 2006లో కుల్లాండర్, ఫెరీరా అనే శాస్త్రవేత్తలు తిరగరాసి 15 జాతులుగా లెక్క తేల్చారు, వాటిలో తొమ్మిది కొత్తవి. కాబట్టి అంతకు ముందు అచ్చయిన పుస్తకంలో పీకాక్ బాస్ పేరు వెతుక్కుంటే దారి తప్పుతారు. అమెజాన్ బయట పరిస్థితి తేలిక. ఫ్లోరిడాలో 1984 నుంచి వదిలి నిలదొక్కుకున్నది ఎక్కువగా ఒసెల్లారిస్. చుక్కల తిలాపియాలను అదుపులో పెట్టడానికే దాన్ని కావాలని తెచ్చారు.

## మీకు ఎంత కచ్చితత్వం కావాలి?

సరదాగా పట్టి వదిలేసేవారికి గుంపు చాలు. ముక్కు, అడుగు రెక్క ముళ్లు, తోక. నిమిషంలో అయిపోతుంది, చేప నీళ్లలోకి వెళ్లిపోతుంది. జాతి కోసం చేపను పది నిమిషాలు గాలిలో పట్టుకోవడం దానికి శిక్ష.

ఉంచుకోవాలా, వదలాలా అన్నది నిబంధనల మీద ఆధారపడిన చోట అంత తేలిగ్గా తీసుకోలేం. సొంత జాతికి రక్షణ ఉండి, బయటి జాతిని బతికుండగా తిరిగి వదలకూడదనే చోట్లున్నాయి. అక్కడ క్రోమైడ్, తిలాపియాల మధ్య, నైల్, మొసాంబిక్‌ల మధ్య పొరబడితే చట్టం దృష్టిలో తప్పే. గాలం వేయడానికి వెళ్లే ముందు ఆ నీటికి వర్తించే నిబంధనలు చదువుకుని, ఏ రెండు జాతుల మధ్య తేడా ముఖ్యమో ఆ ఒక్క జంటనే బాగా నేర్చుకోండి. అన్నీ నేర్చుకోవాలని చూస్తే ఏదీ రాదు.

నీళ్లలోంచి చేపలు పట్టి చెరువులో వేసుకుని పెంచుకుందామనుకునేవారికి నా సలహా ఒక్కటే, వద్దు. మొసాంబిక్ చిన్న వయసులోనే, చిన్న పరిమాణంలోనే పిల్లలు పెట్టి చెరువును గిడసబారిన చేపలతో నింపుతుంది. నైల్ అనుకుని తెచ్చినవి సంకరాలైతే ఎదుగుదలను ఊహించలేం. ఎన్ని ముళ్లు లెక్కపెట్టినా సంకరాన్ని కచ్చితంగా పట్టుకోవాలంటే జన్యు పరీక్ష చేయాల్సిందే.

రికార్డు కోసమో, ఐనాచురలిస్ట్ వంటి, జీవులను నమోదు చేసే వెబ్‌సైట్ కోసమో అయితే మాత్రం జాతి దాకా వెళ్లాలి, దానికి ఫొటోలే ఆధారం. రంగు మారకముందే, మొదటి నిమిషంలోనే తీయండి. ఎడమ పక్క మొత్తం కనిపించేలా ఒకటి, తోక విప్పి పట్టుకుని ఒకటి, అడుగు రెక్క విప్పి వెలుతురుకు ఎదురుగా ఒకటి, ముక్కు, చెంప దగ్గరగా ఒకటి. చేప మీద పడే ఎండ మెరుపు పొలుసుల చుక్కలను మింగేస్తుంది కాబట్టి మీ నీడలో పెట్టి తీయండి. పొడవు తెలిసేలా పక్కన ఒక కొలబద్ద ఉంచండి. ఉంచుకున్న చేప అయితే మొప్ప మూత ఎత్తి మొదటి కమానుదీ ఒకటి తీయండి. తోక ఫొటో ఒక్కటే తీసే వ్యవధి ఉంటే అదే తీయండి, నాలుగు వేళ్లూ తడుపుకున్నాక.